కొన్న వెల మీదా, గల్లా మీదా?

“ఒక వ్యాపారి ఒక వస్తువును 25 శాతం లాభముతో 500 రూపాయలకు అమ్మెను. ఆ వస్తువు కొన్న వెల ఎంత?” దాని కింద నాలుగు జవాబులు: 375, 400, 425, 475.

నందిగామలో తోపుడు బండి మీద పండ్లమ్ముకొనే ఒక తండ్రి కొడుకు, ఎనిమిదో తరగతి పిల్లవాడు, మొదటి జవాబు చుట్టూ సున్న చుట్టాడు. నేను ఎర్ర సిరాతో కొట్టివేశాను. ఏళ్ల తరబడి ఈ లెక్కలో ఇదే తప్పు దిద్దుతూ వచ్చినవాణ్ణి గనుక అందులో ఆలోచించవలసింది ఏదీ నాకు కనిపించలేదు. అయిదు వందల్లో నాలుగో వంతు తీసివేస్తే మూడు వందల డెబ్బై అయిదు వస్తుంది. పిల్లలు అక్కడే పడతారు. పడతారని తెలిసే, ప్రశ్నపత్రం రాసేవారు ఆ సంఖ్యను జవాబుల్లో ఉంచుతారు.

మరుసటి ఆదివారం ఆ పిల్లవాడు ఆ కాగితాన్ని మళ్లీ తెచ్చాడు. “మా అబ్బా కూడా 375 అనే అన్నాడు సార్” అన్నాడు. ఎదిరించి చెప్పినట్టు కాదు, ఇంట్లో పెద్దవాడికీ బడిలో పెద్దవాడికీ మధ్య ఇరుక్కుపోయినట్టు చెప్పాడు. ఆ సాయంత్రం నేను బండి దగ్గరికి వెళ్లాను. ఆ తండ్రి త్రాసు పక్కకు జరిపి, కాగితం చూసి, ఇలా అన్నాడు: “అయిదు వందల అమ్మకం మీద రూపాయికి పావలా మిగిలితే నూట పాతిక ఇంటికి, మూడొందల డెబ్బై అయిదు సరుకుకు. ఇరవై ఏళ్ల నుంచి ఇట్లాగే బతుకుతున్నాం మాస్టారూ. మీ పుస్తకంలో ఇంకెట్లా వస్తుంది?”

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇంటికి వచ్చాక తెలిసింది, ఆయన లెక్కలో తప్పేమీ లేదని. ఆయన శాతాన్ని గల్లా మీద కడుతున్నాడు. పుస్తకం కొన్న వెల మీద కడుతున్నది. పొద్దుపోయాక బండివాడి కళ్లెదుట ఒకే ఒక అంకె ఉంటుంది, గల్లాలో పడిన మొత్తం. కొన్న వెల అలా ఒక్కచోట ఉండదు. తెల్లవారుజామున మండీలో ఇచ్చినది కొంత, ఆటో కిరాయి కొంత, మధ్యాహ్నానికి మెత్తబడి పక్కన పెట్టిన కాయల తరుగు కొంత. అందుకని ఆయన చేతికి వచ్చిన దానిని నూరుగా పెట్టుకొని, అందులో తనకు మిగిలిన భాగాన్ని చూసుకుంటాడు. బడి అలా చూడదు. అది కొన్న వెలనే నూరనుకొంటుంది. అప్పుడు 25 శాతం లాభమంటే అమ్మిన వెల 125, అది 500 అయితే కొన్న వెల 400. ఆ తండ్రి చెప్పిన ‘రూపాయికి పావలా’ను బడి భాషలోకి మార్చితే 375 మీద 125 లాభం, అంటే 33⅓ శాతం. ఇద్దరూ ఒకే వ్యాపారాన్ని రెండు పునాదుల మీద కొలుస్తున్నారు. ప్రశ్నపత్రం మాత్రం ఒక పునాదినే ఎరుగును, దాని పేరైనా చెప్పదు. “25 శాతం లాభముతో” అన్నది గాని, “కొన్న వెలపై 25 శాతం లాభముతో” అనలేదు.

ఒక్క మార్కు ప్రశ్న కోసం ఇంత చర్చ దేనికని పాఠకులు అడగవచ్చు. ఆ మార్కుకు ఒక ధర ఉంది. నేను చెబుతున్నది నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్షకు పిల్లలను తయారుచేసే సందర్భం. 2008లో మొదలైన ఈ కేంద్ర పథకం కింద, ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల్లో ఎనిమిదో తరగతి చదువుతూ, కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించని పిల్లలు ఒక పరీక్ష రాస్తారు. ఎంపికైన వారికి తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏటా 12,000 రూపాయలు, మొత్తం 48,000 వస్తుంది. మానసిక సామర్థ్యం 90 ప్రశ్నలు, పాఠ్యాంశాలు 90 ప్రశ్నలు. పాఠ్యాంశాల్లో గణితం వాటా ఇరవై. ప్రశ్నకు ఒక నిమిషం. ఏడు, ఎనిమిది తరగతుల్లో రాశులను పోల్చే పాఠం ఉంది గనుక లాభనష్టాలు, ప్రకటన వెల, తగ్గింపు ఈ పత్రానికి దూరపు చుట్టాలు కావు.

మన సముదాయానికి ఈ పరీక్ష ఇప్పుడు మునుపటికంటె ముఖ్యమైంది. ఒకటి నుంచి పదో తరగతి దాకా మైనారిటీ పిల్లలకు 2008 నుంచి వస్తూ ఉండిన ప్రీ మెట్రిక్ ఉపకార వేతనాన్ని 2022లో కేంద్రం తొమ్మిది, పది తరగతులకే పరిమితం చేసింది. ఎనిమిదో తరగతి దాకా విద్యాహక్కు చట్టం కింద చదువు ఉచితమే కదా అన్నది చెప్పిన కారణం. ఉచితమైన చదువుకు నోటు పుస్తకం, చెప్పులు, బస్సు టికెట్టు ఉచితంగా రావని ఆ ఉత్తర్వు రాసినవారికి తెలియదని నేననుకోను. ఆ మార్పుపై ఈ పత్రికల్లో రాయవలసినంత రాశాం, అడగవలసినంత అడిగాం. అడుగుతూనే ఉండాలి. ఈలోగా ఎనిమిదో తరగతి పిల్లవాడి ముందు తెరచి ఉన్న తలుపు మాత్రం ఈ పరీక్షే, ఆ తలుపు దగ్గర మూడు వందల డెబ్బై అయిదు అనే గడప ఉన్నది.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. జగ్గయ్యపేటలోనూ నందిగామలోనూ మన చిరువ్యాపారుల కుటుంబాలు కొంచెం చేయి ఆడగానే పిల్లలను చిన్న చిన్న ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడులకు మార్చడం నేను చూస్తున్నాను. తప్పు పట్టను. కాని ప్రైవేటు బడిలో ఉన్న పిల్లవాడికి ఈ పరీక్ష రాసే అర్హత లేదు. ప్రభుత్వ ఖర్చుతో భోజన వసతులున్న గురుకులాల పిల్లలకూ లేదు. ఏడో తరగతి ముగిసేలోపు ఈ సంగతి తల్లిదండ్రులకు చెప్పేవారు ఉండాలి. దరఖాస్తులో పేరు దగ్గర వచ్చే చిక్కు మరొకటి. ఆధార్‌లో ‘షేక్’ పూర్తిగా ఉంటుంది, బడి రికార్డులో రెండక్షరాల పొట్టి పేరుగా ఉంటుంది, ఆదాయ ధ్రువపత్రంలో ఇంటిపేరు చివరకు పోతుంది. ఈ మూడు కాగితాల్లో ఉన్నది ఒకే పిల్లవాడని నిరూపించే లోపల గడువు తేదీ దాటిన కుటుంబాలను నేనెరుగుదును.

లెక్క దగ్గరికి వద్దాం. సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికలో ఒక వాక్యం నాకు తరచు గుర్తుకు వస్తుంది. దేశంలో పురుష శ్రామికుల్లో వీధి వ్యాపారం మీద బతికేవారు ఎనిమిది శాతం లోపు ఉండగా, ముస్లిం పురుష శ్రామికుల్లో పన్నెండు శాతానికి పైగా ఉన్నారని అది చెప్పింది. మన మెట్ట ప్రాంతంలో తిరిగినవారికి ఆ అంకె కొత్త కాదు. 2022 నుంచి ఇది ఎన్టీఆర్ జిల్లాలో భాగమైనా, హైదరాబాదు-విజయవాడ రహదారి మీద ఈ రెండు పట్టణాలు ఇప్పటికీ జనం నోట కృష్ణా జిల్లా మెట్టే. పండ్ల బండ్లు, గాజుల దుకాణాలు, పాత ఇనుము, పరుపులు కుట్టే నూర్‌బాషా కుటుంబాలు, పెనుగంచిప్రోలు తిరునాళ్లలో బొమ్మలు పరిచి కూర్చొనేవారు. లాభశాతంతో పుట్టి పెరిగిన పిల్లలు వీరు. లాభశాతం ప్రశ్నకే మార్కు పోగొట్టుకొంటున్నారు.

ఇది మన పిల్లల బుద్ధిలోపం కాదని చెప్పడానికి సాక్ష్యం ఉంది. బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధుల్లో కొబ్బరికాయలూ పండ్లూ అమ్మే పిల్లలను ముగ్గురు పరిశోధకులు గమనించి 1985లో ఒక వ్యాసం ప్రచురించారు. బేరం మధ్యలో అడిగిన లెక్కలకు ఆ పిల్లలు నూటికి తొంభై ఎనిమిది సరిగ్గా చెప్పారు. అవే లెక్కలను కాగితం మీద ఉత్త అంకెలుగా ఇస్తే నూటికి ముప్పై ఏడు దగ్గర ఆగిపోయారు. మొన్న 2025లో ‘నేచర్’ పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం ప్రచురించిన అధ్యయనం మన ఢిల్లీ, కోల్‌కతా బజారుల్లో పనిచేసే పద్నాలుగు వందల మందికి పైగా పిల్లల మీద జరిగింది. దుకాణంలో నోటితో చకచకా లెక్క కట్టే పిల్లలు బడి లెక్కలో తడబడ్డారు. బడి లెక్క వచ్చిన పిల్లలు బజారు లెక్కలో అంతకంటె ఎక్కువ తడబడ్డారు. ఈ రెండో సంగతిని మన ఉపాధ్యాయ మిత్రులు తరచు మరచిపోతారు.

మనవాళ్లు ‘తెలివి ఉంది గాని చదువు అబ్బలేదు’ అని ఒక మాట వాడుతుంటారు. నాకు ఆ మాట నచ్చదు. తెలివి ఒక గదిలో, చదువు మరొక గదిలో ఉన్నాయి. మధ్య తలుపు ఎవరో ఒకరు తీయాలి.

ఆ తలుపు ఎక్కడుందో చూపడానికి మరొక లెక్క. “ఒక వ్యాపారి కొన్న వెలపై 40 శాతం పెంచి వెల ప్రకటించి, దానిపై 25 శాతం తగ్గింపు ఇచ్చెను. లాభశాతమెంత?” నా దగ్గర కూర్చున్న పదకొండు మందిలో ఎనిమిది మంది 15 అన్నారు. నలభైలోంచి ఇరవై అయిదు పోతే పదిహేను. కానీ నలభై కొన్న వెల మీద, ఇరవై అయిదు ప్రకటన వెల మీద. నూరు రూపాయల సరుకుకు 140 వెల కట్టాడు. 140లో నాలుగో వంతు 35 తగ్గించాడు. 105 చేతికి వచ్చింది. లాభం అయిదే. ఇదే ప్రశ్నను నేను తిప్పి అడిగాను: “రంజాన్ ముందు గుడ్డల కొట్టులో నూరు రూపాయల ఓణీకి నూట నలభై చెప్పావు. వచ్చిన అక్క నాలుగో వంతు తగ్గించమంది. ఇస్తావా?” ఒక ఆడపిల్ల వెంటనే, “ముప్పై అయిదు పోతే నాకు అయిదే కద సార్ మిగిలేది, ఇవ్వను” అన్నది. పదిహేను అని రాసిన ఎనిమిది మందిలో ఆ పిల్ల ఒకతె.

ఇరవై శాతం పెంచి ఇరవై శాతం తగ్గిస్తే లాభమూ లేదు నష్టమూ లేదని రాసే పిల్లలున్నారు. నూరు నూట ఇరవై అవుతుంది, నూట ఇరవైలో ఇరవై శాతం ఇరవై నాలుగు, మిగిలింది తొంభై ఆరు. నాలుగు రూపాయలు చేతి నుంచి పోయాయి. ఏ బండివాడూ ఈ పొరపాటు రెండోరోజు చేయడు.

కోచింగ్ కేంద్రాల్లో దీనికి ఒక సూత్రం నేర్పుతారు: రెండు శాతాలను కూడి, వాటి లబ్ధంలో నూరో వంతు కలపాలి, తగ్గింపుకు ముందు రుణ గుర్తు వేయాలి. నలభైలో ఇరవై అయిదు పోయి, మరో పది పోయి, అయిదు. జవాబు సరైనదే. పోలీసు కానిస్టేబుల్ ప్రిలిమినరీలో మూడు గంటల్లో 200 ప్రశ్నలు, రైల్వే ఎన్‌టీపీసీ మొదటి దశలో తొంభై నిమిషాల్లో 100 ప్రశ్నలు. ఎలా భాగించినా ప్రశ్నకు 54 సెకన్లే. అంత వేగం కావాలంటే సూత్రం అక్కరకు వస్తుంది, దానిని ఎగతాళి చేయను. కాని ప్రశ్న కొద్దిగా మళ్లితే సూత్రం చేతులెత్తేస్తుంది. “10 శాతం తగ్గింపు ఇచ్చినను 20 శాతం లాభము రావలెనన్న, వెలను ఎంత శాతము పెంచి ప్రకటించవలెను?” అన్నప్పుడు సూత్రం పట్టుకున్నవాడు పదీ ఇరవై కూడి ముప్పై అంటాడు. పునాది అడిగినవాడు నూరుకు 120 చేతికి రావాలి, అది ప్రకటన వెలలో 90 వంతు కావాలి, కాబట్టి ప్రకటన వెల 133⅓, పెంచవలసింది 33⅓ శాతం అంటాడు. బేరం ఆడతారని ముందుగానే పెంచి చెప్పే ప్రతి గాజుల దుకాణందారు చేసే ఆలోచన ఇదే.

ఒక శిక్షణ కేంద్రంలో కొంతకాలం నేనూ పాఠం చెప్పాను. లాభనష్టాలకు రెండు గంటలు కేటాయించారు. ‘దేని మీద’ అని పిల్లలు అడిగితే కాలం వృథా అవుతుందని, సూత్రాల కాగితం పంచమని నాకు చెప్పారు. నేను పంచాను. ఆ పంచడం తప్పని ఇప్పుడు రాస్తున్నాను గాని అప్పుడు ఎదురు చెప్పలేదు.

ప్రశ్నపత్రాల తెలుగు సంగతి మరొకటి. ఒకే అంశాన్ని ఒక పుస్తకం ప్రకటన వెల అంటుంది, ఒకటి ముద్రిత వెల, ఒకటి గుర్తించిన ధర. ఇంగ్లీషులోని మార్క్‌డ్ ప్రైస్‌కు తొందరలో చేసిన అనువాదాలివి. ఎదురెదురు పేజీల్లో రెండు భాషల్లో అచ్చయిన పాఠ్యపుస్తకాలు వచ్చాక కొంత మేలు జరిగింది, పిల్లవాడు పక్క పేజీ చూసి సరిచూసుకోవచ్చు. పరీక్షలో నిమిషానికొక ప్రశ్న చొప్పున పరుగెత్తేవాడికి పక్క పేజీ చూసే తీరిక ఉండదు. వెనకటి తెలుగు లెక్కల్లో తగ్గింపును ‘ముదరా’ అనేవారు. అది మన ఉర్దూ ‘ముజ్రా’ నుంచి వచ్చినది. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, అసలు: తెలుగువాడి ఆవర్జా పుస్తకంలో సగం మాటలు ఇలా వచ్చినవే. మన ఇళ్లలో శాతాన్ని ‘ఫీసద్’ అంటారు. ఫీ అంటే ప్రతి, సద్ అంటే నూరు. ప్రతి నూటికి అని అర్థం. ఏ నూటికి అన్నది మాత్రం ఆ మాటలోనూ లేదు, శాతంలోనూ లేదు.

వ్యవహారంలో ఈ మౌనం ఎంత దూరం పోతుందో చూడండి. ‘రూపాయికి పావలా’ అంటే 25 శాతం. ‘పావలా వడ్డీ’ అంటే నూరు రూపాయలకు నెలకు పావలా, అంటే ఏడాదికి మూడు శాతం. మహిళా సంఘాల రుణాలతో ఆ మాట ఊరూరా తెలిసింది. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే ఏడాదికి 24 శాతం. ఈ మాటల్లో ఎక్కడా నెల అన్నది పైకి వినపడదు, అందరికీ తెలుసు గనుక. తెలియని పిల్లవాడు పరీక్ష హాల్లో కూర్చొని ఉన్నాడు.

అమ్మేవాడు కొన్న వెలను దాచకుండా చెప్పి, దానిపై ఇంత లాభం వేసుకుంటున్నానని ఒప్పందం చేసుకొనే అమ్మకాన్ని ఇస్లామీ వాణిజ్య న్యాయం ‘మురాబహా’ అంటుంది. కొన్న వెల బయట పెట్టకుండా బేరం మీద జరిగే అమ్మకం వేరు, దానికి ‘ముసావమా’ అని వేరే పేరుంది. శాతం దేని మీదన్నది తేలకుండా మురాబహా జరగదు. తొమ్మిదో శతాబ్దిలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రాసిన బీజగణిత గ్రంథం కూడా వారసత్వపు వాటాలకూ వర్తకానికీ పనికివచ్చే లెక్క కోసమే మొదలైంది. దానినుంచే అల్‌జీబ్రా అనే పేరు వచ్చింది. తెలుగులో పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెచ్చినప్పుడూ వర్తకుల లెక్కలు అందులో ఉన్నవే. ఈ పూర్వీకులను సభల్లో స్మరించి చప్పట్లు కొట్టించుకోవడం నాకు అంతగా ఇష్టముండదు. వాళ్లు ఎక్కడ నుంచి లెక్క మొదలుపెట్టారో గమనిస్తే చాలు: బజారు నుంచి, ఇంటి పంపకాల నుంచి. మన బడి ఇంకా వ్యాపారి ‘అమ్మెను’, ‘కొనెను’ దగ్గరే ఉన్నది. ఆ వ్యాపారికి ఊరు లేదు, తరుగు లేదు, ఆటో కిరాయి లేదు.

రిజర్వేషన్ల పోరాటంలో ఉన్న మిత్రులొకరు నా మీద ఒక ఆక్షేపణ చేశారు. “హక్కుల గురించి రాయవలసిన చోట లెక్కల పాఠం చెబుతావేమిటి?” అన్నారు. ఆ ఆక్షేపణను తేలికగా తీసుకోను. 2004లోనూ 2005లోనూ ఇచ్చిన అయిదు శాతం హైకోర్టులో నిలవలేదు. 2007 చట్టంతో బీసీ-ఇ కింద నాలుగు శాతం వచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానినీ కొట్టివేస్తే, మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీద అది నిలిచి ఉంది. నూర్‌బాషాలు అంతకు ముందునుంచే బీసీ-బిలో ఉన్నారు. ఈ నాలుగు శాతం ఎంత కష్టంతో నిలిచిందో తెలిసినవారెవరూ దానిని చులకన చేయరు. కాని ఆ నాలుగు శాతం కూడా దేనిలో నాలుగు శాతం? మన జనాభాలో కాదు, పరీక్ష రాసినవారిలో కాదు, ఉన్న కొలువుల్లో. ఆ కొలువుకు పోయే దారిలో ప్రిలిమినరీ గట్టెక్కాలి. కానిస్టేబుల్ ప్రిలిమినరీలో బీసీలకు 35 శాతం మార్కులు రావాలి, అంటే రెండు వందలకు డెబ్బై. ఆ డెబ్బై తెచ్చుకోలేనివాడి దగ్గరికి రిజర్వేషన్ రానే రాదు. హక్కు పోరాటానికీ ఈ లెక్కకూ మధ్య ఉన్న సంబంధం అదే.

మరి కొందరు పెద్దల ఆక్షేపణ ఇంకొకలా ఉంటుంది. దుకాణం ఉంది, లెక్క చేతిలో ఉంది, పరీక్షలెందుకు అంటారు. దుకాణం లెక్క కూడా మారుతున్నదని వారికి చెబుతాను. 2025 సెప్టెంబరు 22న సబ్బు, షాంపూ, తలనూనెల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. మరునాడే జగ్గయ్యపేట కిరాణా కొట్లలో పదమూడు శాతం తగ్గించమని కొనేవాళ్లు వాదనకు దిగారు. పన్ను వేసేది వస్తువు అసలు విలువ మీద. నూరు రూపాయల విలువ గల సబ్బుల పెట్టె నిన్న 118, నేడు 105. తగ్గినది పదమూడు రూపాయలు, నిన్నటి ధర 118 మీద అది పదకొండు శాతమే. ఈ సంగతి వివరించలేక ఒక దుకాణందారు పిల్లవాడు, మోసం చేస్తున్నాడన్న మాట పడ్డాడు. సాయిబుల కొట్టు గనుక ఆ మాటకు మరికొంత పదును పెట్టి అన్నారు. అతడు చేసిన లెక్క సరైనదే.

కావలసింది పెద్ద పథకమేమీ కాదని నేననను, కావలసినవి చాలా ఉన్నాయి. కాని రేపు ఉదయం మొదలుపెట్టదగినవి కొన్ని ఉన్నాయి. ప్రశ్నపత్రాలు తయారుచేసే పరీక్షల విభాగం ప్రతి శాతం ముందూ ‘కొన్న వెలపై’, ‘ప్రకటన వెలపై’ అని రాయాలి. మన సంఘాలు వినతిపత్రంగా ఇవ్వదగిన కోరిక ఇది. ఖర్చు లేనిది, ఏ వర్గానికీ నష్టం లేనిది. బడిలో గణితం చెప్పేవారు ఈ పాఠానికి వచ్చినప్పుడు పిల్లల ఇళ్లలోని వ్యాపారాలను నల్లబల్ల మీదికి తేవాలి, గల్లా లెక్కను తప్పు అనకుండా దాని పునాది వేరని చూపాలి. సాయంత్రాలు ఖాళీగా ఉండే షాదీఖానాల్లో దీపమూ బల్లలూ ఉన్నాయి. పెళ్లిళ్లు లేని రోజులే ఎక్కువ. మస్జిద్ కమిటీలు జుమా ప్రకటనల్లో పరీక్ష దరఖాస్తు గడువును ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. ఆడపిల్లలను మరచిపోకూడదు. జాకెట్టుకు ఇంత అని కుట్టు కూలి తీసుకొంటూ, దారం, గుండీల ఖర్చు మినహాయించుకొని చూసే తల్లుల పక్కన కూర్చున్న పిల్లలు వాళ్లు. లెక్క వారికి దగ్గర చుట్టమే. పరీక్ష కేంద్రమే దూరం.

ఆ పండ్ల బండి దగ్గరికి మళ్లీ వెళ్లవలసి వచ్చింది. పిల్లవాడికి ఒక అలవాటు నేర్పాను. శాతం గుర్తు కనపడిన ప్రతిచోటా పెన్సిలుతో ‘దేని మీద?’ అని రాసుకోమన్నాను. అతడు దాన్ని బడి పుస్తకంతో ఆపలేదు. ఇంట్లో డైలీ ఫైనాన్సు కార్డు మీద కూడా రాశాడు. బండి వ్యాపారుల్లో ఈ అప్పు తెలియనివారు తక్కువ. వెయ్యి రూపాయలకు వంద ముందే పట్టుకొని తొమ్మిది వందలు చేతిలో పెడతారు, రోజుకు పది చొప్పున వంద రోజులు కట్టించుకొంటారు. పది శాతం వడ్డీ అని చెబుతారు. చేతికి వచ్చినది తొమ్మిది వందలు గనుక దాని మీద వంద అంటే 11⅑ శాతం అని పిల్లవాడు కట్టాడు. అక్కడితో అయిపోలేదు. రోజూ పది తిరిగి పోతుంటే వంద రోజుల్లో సగటున చేతిలో ఉండేది నాలుగు వందల యాభై దాకానే. దాని మీద మూడు నెలల చిల్లరకు వంద అంటే ఏడాది లెక్కకు ఎనభై శాతానికి అటూ ఇటూ అవుతుందని నేను కలిపాను. వీధి వ్యాపారులకు కేంద్రం 2020లో తెచ్చిన స్వనిధి పథకంలో మొదటి విడత పది వేలు ఇచ్చేవారు. 2025లో దానిని పదిహేను వేలు చేశారు. వేళకు కట్టినవారికి వడ్డీలో ఏడు శాతం తిరిగి జమ అవుతుంది. ఆ దరఖాస్తు గురించి కూడా చెప్పాను.

ఆ తండ్రి కార్డును వెనకకు తిప్పి, కొడుకు పెన్సిలు రాత చాలాసేపు చూశాడు. బత్తాయిలు కొనవచ్చిన ఒకావిడను ఆగమన్నాడు. “వాడు పది అన్నాడు గదా మాస్టారూ, మీరు ఎనభై అంటున్నారు. రెండూ ఒకే అప్పుకా?” అన్నాడు. అవునన్నాను. ఆయన ఆవిడకు బత్తాయిలు తూచి ఇచ్చి, డబ్బు గల్లాలో వేసి, మళ్లీ నా వైపు తిరిగి, “అయితే మొదటినుంచి చెప్పండి” అని ఎక్కి కూర్చోమని పక్కనున్న చెక్కపెట్టె చూపించాడు.